ఆఫీసులో తోటికోడలు

కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి అత్తగారిని అడగలేని సందేహాలు పాతిక ఉంటాయి. మామగారికి కాఫీ స్నానానికి ముందా, తర్వాతా? పెరటి తలుపు రాత్రిపూట ఎవరు వేస్తారు? చిన్నత్తయ్య పేరెత్తగానే అందరూ మాట ఎందుకు మారుస్తున్నారు? మొగుణ్ని అడిగితే 'ఏమో, నాకేం తెలుసు' అంటాడు. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లోనే తిరుగుతున్నవాడికి అక్కడ తెలుసుకోవాల్సిందంటూ ఒకటుందన్న స్పృహే ఉండదు. చివరికి ఆదుకునేది తోటికోడలు. నాలుగేళ్ల ముందు అదే గడప తొక్కింది, అవే తడబాట్లు పడింది, ఇప్పటికీ అదే అత్తగారి మాట కింద నడుస్తోంది. పాలగిన్నె దించుతూ ఒక మాట, బట్టలారేస్తూ ఒక మాట... నెల తిరిగేసరికి ఆ ఇంటి రాజ్యాంగం మొత్తం కొత్తకోడలి చేతికొస్తుంది.

చాడీలు మోయగలిగేదీ ఆ తోటికోడలే. 1957లో వచ్చిన 'తోడికోడళ్లు' సినిమా మొదలు నిన్న రాత్రి సీరియల్ దాకా ఎన్ని కథలు ఆ ఇరుసు మీద తిరగలేదు!

'తోటి' అనే ఆ మాటే ఆఫీసుకొచ్చి 'తోటి ఉద్యోగి' అయింది. సోమవారం పొద్దున రాయదుర్గం మెట్రో స్టేషన్లో దిగి, మెడలో తాత్కాలిక గుర్తింపు కార్డు వేసుకుని, పదో అంతస్తులో లిఫ్టు దిగిన కొత్త ఉద్యోగికి ఎదురయ్యేవీ అలాంటి ప్రశ్నలే. సిస్టం యాక్సెస్ రాలేదని ఎవరి చెవిన వేయాలి? క్యాబ్ బుకింగ్ ఎన్నింటికి మూసేస్తారు? స్టాండప్ మీటింగ్‌లో మేనేజర్ 'చూద్దాం' అన్నాడంటే సరేనన్నట్టా, వద్దన్నట్టా? హెచ్‌ఆర్ వాళ్లు పంపిన లావుపాటి పీడీఎఫ్‌లో సెలవుల లెక్క ఉంటుంది, డ్రెస్ కోడ్ ఉంటుంది. ఇవి మాత్రం ఉండవు. వీటికోసమే చాలా కంపెనీలు కొత్తవాళ్లకు ఒక పాత ఉద్యోగిని జతచేసి, ఆ మనిషిని 'బడ్డీ' అంటున్నాయి. మాట కొత్తగా వినిపించినా పద్ధతి పాతదే. సైన్యంలో జవాన్లను జంటలు చేసి బడ్డీలని పిలుస్తారు. సముద్రం అడుగుకు దిగే డైవర్లు ఒకరి గాలి సిలిండర్ ఒకరు సరిచూసుకోకుండా నీట్లోకి దూకరు. అక్కడ బడ్డీ లేకపోతే ప్రాణమే పోవచ్చు. ఆఫీసులో అంత ప్రమాదం లేదు కాబట్టి ఆ పేరు ఒక మెయిల్‌లో వచ్చి, ఒక 'హాయ్'తో ఆగిపోవడమూ అంతే మామూలు.

ఎన్నిసార్లు కలిస్తే

ఆ 'హాయ్' దగ్గర ఆగిపోతే ఏం పోతుందో మైక్రోసాఫ్ట్ లెక్క తీసింది. సంస్థలోని 600 మంది కొత్త ఉద్యోగులతో బడ్డీ పద్ధతిని ప్రయోగాత్మకంగా నడిపి, ఆ ఫలితాలను 2019లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో బయటపెట్టింది. మొదటి 90 రోజుల్లో బడ్డీని ఒక్కసారే కలిసినవాళ్లలో 56 శాతం మంది, పని త్వరగా పట్టుబడటానికి ఆ సాయం పనికొచ్చిందన్నారు. రెండు మూడుసార్లు కలిసినవాళ్లలో 73 శాతం, నాలుగు నుంచి ఎనిమిదిసార్లు కలిసినవాళ్లలో 86 శాతం ఆ మాటన్నారు. ఎనిమిదిసార్లు దాటితే అది 97 శాతం.

ఈ అంకెల్ని కాస్త తడిమి చూడాలి. ఇవి ఉద్యోగులు తమ నోటితో చెప్పినవి, వాళ్ల పనిని ఎవరో కొలిచి చెప్పినవి కావు. పైగా పదిసార్లు వెళ్లి అడిగే మనిషికి సహజంగానే చొరవ ఎక్కువ. అలాంటివాళ్లు బడ్డీ లేకపోయినా దారి వెతుక్కునేవారేమో. అంత తీసేసినా ఒకటి మిగులుతుంది. బడ్డీ ఎవరన్నదెంత ముఖ్యమో, ఎన్నిసార్లు కలిశారన్నదీ అంతే ముఖ్యం. మూడు నెలల్లో ఎనిమిదిసార్లంటే పదకొండు రోజులకు ఒక టీ.

గూగుల్ దారి వేరు. కొత్త మనిషి చేరే ముందు రోజు, అంటే ఆదివారం నాడు, ఆ మనిషి మేనేజర్‌కు ఐదు పనులు గుర్తుచేస్తూ చిన్న మెయిల్ పంపేవారు. పని ఏమిటో కూర్చోబెట్టి చెప్పండి, ఒక తోటి బడ్డీని చూపించండి, నలుగురితో పరిచయాలు కలపండి, ఆరు నెలల పాటు నెలకోసారి కూర్చోండి, మనసువిప్పి మాట్లాడనివ్వండి... ఇంతే. ఆ మాట విన్న మేనేజర్ల కింద కొత్తవాళ్లు 25 శాతం త్వరగా, అంటే దాదాపు నెల ముందే పనిలో కుదురుకున్నారని అప్పట్లో అక్కడ మానవ వనరుల విభాగాన్ని నడిపిన లాస్లో బాక్ 2015 నాటి తన పుస్తకంలో రాశారు. ఆ ఐదూ మన ఊరి బడిలో హెడ్మాస్టరు కొత్త టీచర్‌కు చేయదగినవే. గుర్తుచేసేవారే ఉండరు.

అనుభవం ఉన్నవాళ్లకు ఈ గొడవంతా ఎందుకని కొందరి వాదన. పదిహేనేళ్లు చేసి వచ్చినవాడికి బడ్డీ ఏమిటి, నామోషీ కాదూ? రైల్వేలో అలా కుదరదు. లోకో పైలట్ ఎంత సీనియరైనా తనకు తెలియని సెక్షన్లో బండి నడపడానికి వీల్లేదు. ఆ దారి తెలిసినవాళ్లతో ఇంజిన్లో కొన్ని ట్రిప్పులు తిరగాలి. సిగ్నల్ ఏ మలుపులో కనబడుతుందో, ఎక్కడ వాలు మొదలవుతుందో కళ్లారా చూసుకోవాలి. దారి తెలిసిందని సంతకం పెట్టాలి. రోడ్ లెర్నింగ్ అంటారు దీన్ని. విజయవాడ–గూడూరు మధ్య చదునైన దారిలో ఇరవై ఏళ్లు నడిపిన చేయి కూడా అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ ఘాట్‌లో కొత్తచేయే. ఉద్యోగం మారిన సీనియర్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. బండి నడపడం వచ్చు, దారి తెలియదు. అందులో సిగ్గుపడేదేమీ లేదు.

పది మంది కొత్త అమ్మాయిలు

బడ్డీ అనే మాట ఆఫీసుల్లోకి ఇంతగా రాకముందు, 1960ల్లో అమెరికాలోని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఫ్యాక్టరీలో జరిగిన ఒక ప్రయోగం ఈ మొత్తం వ్యవహారం మీద ఇప్పటికీ మంచి వెలుగు వేస్తుంది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు కూర్చే విభాగంలో ఎక్కువగా ఆడవాళ్లే పనిచేసేవారు. కంటికి ఆనని సన్నని పని. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజు రెండు గంటలు నిబంధనలు చెప్పి నేరుగా లైన్లోకి పంపేవారు. చేతికి పని పట్టుబడటానికి నెలలు పట్టేది. నేర్పడంలో లోపం ఎక్కడుందో తెలియక, ఎర్ల్ గోమర్సాల్, స్కాట్ మయర్స్ అనే ఇద్దరూ కలిసి కొత్తవాళ్లతో కూర్చుని మాట్లాడించారు. బయటపడిన జబ్బు వేరు. అది భయం.

ఆ భయం పెట్టేది సూపర్వైజర్లు మాత్రమే కాదు, పాతకాపులు కూడా. 'ఆయన సంగతి నీకింకా తెలీదు', 'ఈ లెక్కన నువ్వు నెల కూడా నిలవవు' అన్న ధోరణిలో బ్రేక్ టైములో చెప్పే కథలు. అందులో సగం సరదా, సగం తమ సీనియారిటీ చాటుకోవడం. కాలేజీ ర్యాగింగ్‌కు అన్నదమ్ముల వరస. బెదిరిన కొత్తపిల్ల తెలియంది అడగడం మానేసేది. అడగకపోతే తప్పులు పెరిగేవి, తప్పులు పెరిగితే భయం ఇంకాస్త ముదిరేది.

వాళ్లు చేసిన చికిత్స చూస్తే నవ్వొస్తుంది, అంత చిన్నది. కొత్తగా చేరిన పది మందిని ఆ మొదటిరోజు లైన్లోకి పంపకుండా మిగతా గంటలన్నీ ఒక గదిలో కూర్చోబెట్టి నాలుగు సంగతులు చెప్పారు. ఇంతకు ముందు చేరినవాళ్లలో దాదాపు అందరూ నెగ్గుకొచ్చారు, మీరూ నెగ్గుతారు. పాతవాళ్లు ఏవేవో చెప్పి హడలగొడతారు, అదొక ఆట, పట్టించుకోకండి. తెలియకపోతే మీరే నోరు తెరిచి అడగండి. మీ సూపర్వైజర్ కాస్త బిడియస్తుడు, మీరు పలకరిస్తే చక్కగా మాట్లాడతాడు. అంతే! 1966లో అచ్చైన ఫలితాల ప్రకారం, ఈ పద్ధతితో శిక్షణకు పట్టే కాలం సగానికి తగ్గింది. ఆలస్యాలు, డుమ్మాలు సగమయ్యాయి. పనికిరాకుండా పోయే సరుకు ఐదోవంతుకు దిగింది.

ఈ కథలో రెండు రకాల తోటికోడళ్లూ ఉన్నారు. 'ఆయన బిడియస్తుడు, నువ్వే పలకరించు' అనేది ఒకరు. 'ఆయన సంగతి నీకింకా తెలీదు' అనేది ఇంకొకరు. మొదటిరోజు క్యాంటీన్లో ముందుగా కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకునేది చాలాసార్లు ఆ రెండో మనిషే. అది దుర్మార్గం కాకపోవచ్చు. తన పాత గోడు వినే కొత్త చెవి దొరికిందన్న ఆనందం. ప్రమోషన్ రాలేదు, ఆన్‌సైట్ పోయింది, టీంలో ఎవరితోనో పడలేదు. సమోసా పూర్తయ్యేలోపు మూడేళ్ల తగాదాలన్నీ కొత్త మనిషి నెత్తికెక్కుతాయి. తనకు ఏమాత్రం సంబంధం లేని పక్షంలో తెలియకుండానే చేరిపోతాడు. మొదటి వారంలో దొరికిన ఆత్మీయతకు మురిసిపోయి అప్పుడే తోడును ఖాయం చేసుకోకపోవడం మంచిదనేది అందుకే. రెండో వారం దాకా అందరితో కలిసి తినొచ్చు, ఎవరి గోడూ మోయనక్కర్లేదు.

ఇంటిపేరు అడిగే బడ్డీ

మరి ఎవరిని? కంపెనీ పేరు చెప్పి అప్పగించిన బడ్డీ ఒకరుంటారు. నిజంగా పనికొచ్చే బడ్డీ చాలాసార్లు వేరే మనిషి. ఆ రెండో బడ్డీనే ఉద్యోగి ఎంచుకోవాలి.

మనుషులు ఈ ఎంపిక ఎలా చేస్తారో టిజియానా కషియారో, మిగెల్ సౌసా లోబో అనే ఇద్దరు పరిశోధకులు పదివేలకు పైగా ఆఫీసు సంబంధాలను పరిశీలించి 2005లో రాశారు. పనిలో సాయానికి ఎవరి దగ్గరకు వెళ్తారని అడిగితే అందరూ పని తెలిసినవాళ్ల దగ్గరకే అన్నారు. చేతల్లో మాత్రం పని గొప్పగా తెలిసిన ముక్కోపిని వదిలేసి, పని అంతంతమాత్రంగా తెలిసినా మంచిగా మాట్లాడేవాళ్ల దగ్గరకే వెళ్లారు. కొత్తవాడి విషయంలో ఈ బలహీనత పూర్తిగా తప్పు కూడా కాదు. 'ఇదీ తెలీదా?' అనే మొహం పెట్టే నిపుణుడి దగ్గరకు రెండోసారి వెళ్లబుద్ధి కాదు. వెళ్లకపోతే ఆ నైపుణ్యం ఉండి ఏం లాభం? కాకపోతే నవ్వు మొహం చూసి తప్పు సమాధానంతో తిరిగొస్తే, ప్రొడక్షన్లో పడే బగ్ ఆ నవ్వును లెక్కచేయదు. ఇద్దరుంటే మేలు. చిన్న సందేహాలకు ఒకరు, చిక్కుముళ్లకు ముక్కోపి.

అడిగితే చులకనైపోతామన్న బెంగకూ ఒక విరుగుడుంది. హార్వర్డ్, వార్టన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో, కష్టమైన పనిలో సలహా అడిగినవాళ్లను ఎదుటివాళ్లు తక్కువగా చూడలేదు సరికదా, అడగనివాళ్లకన్నా సమర్థులనుకున్నారు. సలహా అడిగించుకున్న మనిషికి 'వీడికి ఎవరినడగాలో తెలుసు' అనిపిస్తుంది. మనిషి అహం కొత్త ఉద్యోగికి ఇలా కూడా పనికొస్తుంది.

దూరం సంగతి చాలామంది పట్టించుకోరు. ఎంఐటీ ఆచార్యుడు థామస్ అలెన్ ఇంజినీర్ల మధ్య మాటల్ని ఏళ్ల తరబడి లెక్కగట్టి 1977లో పుస్తకం రాశారు. ఇద్దరి బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ పని ముచ్చట్లు దబ్బున పడిపోతాయి. 50 మీటర్లు దాటాక దాదాపు వేరే ఊళ్లో ఉన్నట్టే. ఎదుటి విభాగంలో ఉన్న కాలేజీ సీనియర్ ఎంత ఆప్తుడైనా, పక్క కుర్చీలో ఉన్న అపరిచితుడే ఎక్కువ అక్కరకొస్తాడు. అనుభవం లెక్క కూడా తిరకాసుదే. పదేళ్లుగా అక్కడే ఉన్నవాళ్లకు తామెలా నేర్చుకున్నారో గుర్తుండదు, పెరటి తలుపు సంగతి తెలియని ఆ మొగుడిలాగే. ఏడాదో రెండేళ్లో అయిన మనిషికి ఆ దెబ్బలు ఇంకా పచ్చిగానే ఉంటాయి. ఏ టికెట్ ఎవరికి వేయాలో, రీయింబర్స్‌మెంట్ బిల్లు ఎందుకు వెనక్కొస్తుందో వాళ్లకే బాగా తెలుసు.

తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంది. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో గానీ డల్లాస్ శివార్లలో గానీ కొత్తగా చేరినవాళ్లు ముందు వెతికేది తెలుగు పేరు కోసం. పరాయి ఊళ్లో 'అన్నా, భోంచేశావా' అనే గొంతు వినబడితే ప్రాణం లేచొస్తుంది, అందులో తప్పేముంది? అయితే ఆ అన్న రెండో ప్రశ్నగా 'ఏ ఊరు మనది?', మూడో ప్రశ్నగా 'ఇంటిపేరేంటి?' అని అడిగితే, ఆ ప్రశ్న దేనికోసమో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఆ జవాబును బట్టి అందే స్నేహం, ఆ జవాబును బట్టే ఇంకొకరికి అందకుండా పోతుంది. అది కాకపోయినా, ఆరుగురు తెలుగువాళ్లు ఒకే టేబుల్ దగ్గర రోజూ డబ్బాలు విప్పుకుంటుంటే పక్కనున్న తమిళ టీం లీడ్, పంజాబీ టెస్టర్ ఆ చుట్టూ తిరగరు. వారంలో ఒకటి రెండు పూటలు వేరే టేబుల్‌కు వెళ్లినంత మాత్రాన గోంగూర పచ్చడికి ద్రోహం చేసినట్టు కాదు.

మంచి బడ్డీకి మరో గుర్తు, చెప్పడంతో పాటు అడగడం. భారత్‌లోని విప్రో బీపీఓలో కొత్తగా చేరిన 605 మందితో డాన్ కేబుల్, ఫ్రాంచెస్కా జీనో, బ్రాడ్లీ స్టాట్స్ చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. కొందరికి మామూలు శిక్షణ ఇచ్చారు. కొందరికి కంపెనీ గొప్పతనం గురించి అదనంగా ఒక గంట చెప్పారు. ఇంకొందరికి అదే గంటలో 'మీ బలాలేమిటి, మీరు మీలా ఉంటూ ఈ పని ఎలా చేస్తారు' అని అడిగి, వాళ్ల పేర్లున్న చొక్కాలు ఇచ్చారు. మామూలు శిక్షణ పొందినవాళ్లతో పోలిస్తే ఈ మూడో గుంపులో ఆరు నెలల్లోపు మానేసినవాళ్లు సుమారు మూడో వంతు తక్కువ. రాత్రంతా ఫోన్లో విదేశీ పేరు పెట్టుకుని, విదేశీ యాసలో మాట్లాడే ఉద్యోగాలున్న కాలంలో, ఎవరో ఒకరు అసలు పేరుతో పిలిచి నీ సంగతి చెప్పమనడం చిన్న విషయం కాదు.

అందరూ కొత్తవాళ్లయితే?

2019 అక్టోబర్ 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. వాటికోసం ఒకే విడతలో ప్రకటించిన పోస్టులే లక్షా పాతికవేలకు పైన. వ్యవసాయ సహాయకులు, సర్వేయర్లు, డిజిటల్ అసిస్టెంట్లు, ఇంజినీరింగ్ అసిస్టెంట్లు, మహిళా పోలీసులు... చాలామంది పాతికేళ్ల వయసులో తొలి ఉద్యోగంలోకి అడుగుపెట్టినవాళ్లు. పక్క కుర్చీలో ఉన్నవాళ్లదీ అదే పరిస్థితి. ఆ పక్కవాళ్ల శాఖా వేరే, పై అధికారీ వేరే. అత్తగారు ఉన్నారు, ఒకరు కాదు నలుగురైదుగురు. తోటికోడలు మాత్రం లేదు.

అలాంటి చోట బడ్డీని గది బయట వెతుక్కోక తప్పదు. సర్వేయర్‌కు సాయం మండలంలో పాత సర్వేయర్ దగ్గర, డిజిటల్ అసిస్టెంట్‌కు పక్క ఊరి డిజిటల్ అసిస్టెంట్ దగ్గర దొరుకుతుంది. ఊరి సంగతులు చెప్పడానికి ముందునుంచీ ఉన్న పంచాయతీ కార్యదర్శో, వీఆర్వోనో ఉంటే అదృష్టం. మైసూరులో ఇన్ఫోసిస్ శిక్షణ ముగించుకుని తలా ఒక ఊరికి వెళ్లిపోయే బ్యాచ్ మిత్రులదీ ఇదే తీరు. ఇద్దరూ కొత్తవాళ్లే, ఇద్దరికీ తెలియదు. తెలియదని ఒకరి దగ్గర ఒకరు సిగ్గు లేకుండా ఒప్పుకోగలరు, దాని విలువ దానిదే.

చెప్పుకోకూడనివి

బడ్డీ దగ్గర అన్నీ విప్పుకోవాలని లేదు. పాత కంపెనీ జీతం, ఇంకో ఇంటర్వ్యూకు వెళ్తున్న సంగతి, మేనేజర్ మీద ఒళ్లు మండి టైప్ చేసిన వాట్సాప్ మెసేజ్... స్క్రీన్‌షాట్ తీయడానికి ఒక్క క్షణం చాలు. దీనికి తలకిందులుగా, బడ్డీ దగ్గర మాత్రమే ఆగిపోకూడనివీ ఉన్నాయి. లైంగిక వేధింపులాంటిది జరిగినప్పుడు 'వాడంతే, పట్టించుకోకు' అనే ఓదార్పు చాలదు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదుకు మామూలుగా మూడు నెలల గడువు. ఆ కమిటీలో ఎవరున్నారో చెప్పి, అవసరమైతే గది దాకా తోడొచ్చే మనిషే బడ్డీ.

బడ్డీకి దక్కేదేమిటి?

ఈ కథలో ఎవరూ లెక్క రాయని ఖర్చొకటి ఉంది, అది బడ్డీ సమయం. అమెరికాలోని ఒక పెద్ద సంస్థ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల మీద నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పల్లయిస్ చేసిన పరిశోధనలో, టీం వేర్వేరు భవనాల్లో ఉన్నవాళ్లకన్నా, టీం అంతా ఒకే భవనంలో ఉన్నవాళ్లకు తమ కోడ్ మీద వచ్చే సూచనలు దాదాపు ఐదో వంతు ఎక్కువ. కరోనాతో ఆఫీసులు మూతపడగానే ఆ తేడా చాలావరకు పోయింది. కుర్రవాళ్లకు, అందులోనూ అమ్మాయిలకు ఆ దగ్గరతనం బాగా కలిసొచ్చింది. అదే దగ్గరతనం వల్ల సీనియర్లు రాసే సొంత కోడ్ తగ్గింది. నేర్పినవాళ్ల గంటలు నేర్చుకున్నవాళ్ల ఖాతాలోకి వెళ్లాయి.

2020 తర్వాత లాప్‌టాప్ కొరియర్లో ఇంటికొచ్చి, మేనేజర్‌ను తెరమీద తప్ప చూడకుండానే ఏడాది గడిపినవాళ్లకు ఈ నష్టం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. టీ దగ్గర దానంతటదే జరిగిపోయే పని, ఇంటి నుంచి చేసేటప్పుడు క్యాలెండర్లో పదిహేను నిమిషాలు పెట్టుకుంటే తప్ప జరగదు. అప్పుడుగానీ ఆ పదిహేను నిమిషాలు ఎవరివో కంటికి కనబడవు.

అప్రైజల్ ఫారంలో టార్గెట్లకు గడులుంటాయి, సర్టిఫికేషన్లకు ఉంటాయి. కొత్త మనిషికి చెప్పిన నలభై చిన్న జవాబులకు చాలా ఫారాల్లో గడి ఉండదు. దాన్ని నింపగలిగేది ఆ జవాబులు అందుకున్న మనిషే. మూడు నెలలు నిండిన రోజున మేనేజర్‌కు, బడ్డీకి కాపీ పెట్టి, రెండు లైన్ల మెయిల్ రాయొచ్చు. 'యాక్సెస్ మూడు రోజుల్లో వచ్చేలా వెంటపడ్డారు. నా మొదటి రిలీజ్ రోజు రాత్రి పదకొండు దాకా పక్కనే కూర్చున్నారు.'